లెక్కకు రాని పిల్లలు: సలాలా

(సముద్రం అవతలి ఊళ్ళు – 6)

1936లో సలాలాలో ఒక బడి తెరిచారు. గద్దెనెక్కి నాలుగేళ్ళయిన సుల్తాన్ సయీద్ బిన్ తైమూర్ పేరు మీద దానికి సయీదియా అని పేరు పెట్టారు. 1940లో మస్కట్‌లో అలాంటిదే ఇంకొకటి వచ్చింది. 1959లో మత్రాలో మూడోది. ఆ తర్వాత ఇంకో బడి ఊసు లేదు. 1970 జూలైలో ఆ సుల్తాన్ గద్దె దిగేనాటికి ఒమాన్ దేశం మొత్తానికి ప్రభుత్వ బళ్ళు ఆ మూడే. చదివే పిల్లలు 909 మంది, పంతుళ్ళు 30 మంది. ఆ 909 మందిలో ఆడపిల్ల ఒక్కతె కూడా లేదు.

పోయిన వారం మస్కట్ రేవు కథ చెప్పుకున్నాం. అక్కడి నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు నైరుతి దిక్కుగా, యెమెన్ సరిహద్దు వైపు వస్తే సలాలా. ధోఫార్ ప్రాంతానికి ముఖ్యపట్టణం. అరేబియా అంటే ఇసుక తప్ప మరేమీ తోచని వాళ్ళకు ఈ ఊరి ఫొటోలు చూస్తే నమ్మబుద్ధి కాదు. జూన్ నెలాఖరు నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల అంచు ఈ తీరాన్ని తాకుతుంది. సన్నటి జల్లు, పొగమంచు. ఊరి వెనక కరా కొండలు నిండుగా పచ్చబడతాయి. తోటల్లో కొబ్బరి, అరటి, బొప్పాయి. కోనసీమ మనిషిని తీసుకెళ్ళి నిలబెడితే తన ఊరేననుకుంటాడు. కొండల మీద ఆవుల మందలు, కొండలు దాటితే ఎండు నేలల్లో ధూపపు చెట్లు, సముద్రంలో లెక్కలేనన్ని చేపలు. ఆ చేపల్ని ఒడ్డున ఎండబెట్టి పశువులకు మేతగా వేసేటంత సమృద్ధి.

ఇలాంటి చోట పిల్లలు ఆకలితో, జబ్బులతో, అక్షరం ముక్క రాకుండా ఎందుకు పెరిగారు? నేలకు ఏ లోటూ లేదు. ఏ పిల్లలు ఊరివాళ్ళు, ఏ పిల్లలు కారు అన్నది అక్కడి మనుషులే తేల్చారు. ఆ తేల్చడం కాలాన్ని బట్టి ఎలా మారుతూ వచ్చిందో ఈ వారం చూద్దాం. చివరికి ఆ కథ జగిత్యాలకూ రాయచోటికీ కూడా వస్తుంది.

పాత సలాలాలో బిడ్డ ఏ ఇంట పుట్టాడన్న దాన్ని బట్టే వాడి బతుకు ఖాయమయ్యేది. పైమెట్టున ప్రవక్త వంశంవాళ్ళమని చెప్పుకునే సయ్యద్ కుటుంబాలు. ఆ తర్వాత ఆయుధం పట్టే హక్కున్న తెగలు: కొండల మీద కరా, మైదానంలో, ఎడారి అంచున కతీర్ లాంటివి. వాళ్ళ కింద తెగ అండలేని బలహీనులు. పేరుకు మాత్రమే స్వతంత్రులు. వీళ్ళు ఇంకొకరి రక్షణలో, ఇంకొకరికి చాకిరీ చేస్తూ బతకాలి. కొండల్లో అందరికంటే ముందు నుంచీ ఉన్నవాళ్ళని చెప్పే షహ్రా జనం ఈ వరసలోకి దిగజారిపోయారు; ఒకప్పుడు తమవైన లోయల్లోనే కరా వాళ్ళకు ఊడిగం చేశారు. 1930 చివర్లో సలాలా నుంచి బయలుదేరి రుబల్ ఖాలీ ఎడారిని దాటిన ఇంగ్లీషువాడు బెర్‌ట్రమ్ థామస్ ఈ సంగతి తన పుస్తకంలో రాశాడు. ఇక అందరికంటే అడుగున ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు, వాళ్ళ సంతానం.

బానిస తల్లికి పుట్టిన బిడ్డ యజమాని సొత్తు. 1873లో మస్కట్ సుల్తాన్ తుర్కీ బ్రిటిషువాళ్ళతో ఒప్పందం చేసుకుని బానిసల దిగుమతినీ బజారులో అమ్మకాన్నీ నిషేధించాడు. దిగుమతి ఆగిందేమో కానీ పుట్టుకతో వచ్చే బానిసత్వం ఆగలేదు. ఆ ఒప్పందం జరిగిన 97 ఏళ్ళకు కూడా సలాలాలో సముద్రం ఒడ్డునే ఉన్న అల్ హుస్న్ కోటలో సుల్తాన్‌కు వందల మంది బానిసలు ఉన్నారు. వాళ్ళ పిల్లలకు కోట గోడే లోకం. చదువు లేదు, యజమాని అనుమతి లేకుండా పెళ్ళి లేదు, బయటి ఊరివాళ్ళతో కలిసి తిరగడం లేదు.

మన పాఠకులకు ఇది వింతగా తోచనక్కర్లేదు. తెలంగాణ గడీల్లో దొర బిడ్డ పెళ్ళయి అత్తారింటికి పోతుంటే వెంట పంపిన ఆడబాపల సంగతి మన పెద్దవాళ్ళకు తెలుసు. వాళ్ళ కడుపున పుట్టిన పిల్లలకు తండ్రి పేరు ఉండేది కాదు, భూమి ఉండేది కాదు, గడీ చాకిరీ మాత్రం వారసత్వంగా వచ్చేది. సలాలా వైపు నుంచి హైదరాబాద్‌కు మనుషుల రాకపోకలు కూడా పాతవే. ధోఫార్‌ను ఆనుకుని ఉన్న హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల సంతానం ఇవాళ్టికీ బార్కస్‌లో ఉంది. ఆఫ్రికా మూలాలున్న సిద్దీ సిపాయిల సంతానం ఏసీ గార్డ్స్‌లో ఉంది. అరేబియా సముద్రానికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా కోటల లోపలి కథ ఒకే తీరుగా నడిచింది.

సయీద్ బిన్ తైమూర్ చదువుకున్నది అజ్మీర్‌లోని మేయో కాలేజీలో. రాజుల బిడ్డల కోసం ఇంగ్లీషువాళ్ళు పెట్టిన కాలేజీ అది. ఇంగ్లీషు బాగా వచ్చు, లోకజ్ఞానం ఉంది. అలాంటి మనిషి తన ప్రజలకు చదువు చెప్పించడానికి భయపడ్డాడు. జనానికి చదువు చెప్పబట్టే మీరు ఇండియాను పోగొట్టుకున్నారని తన కొలువులోని ఒక ఇంగ్లీషు అధికారితో అన్నాడని చెబుతారు. ఆ మాట అన్నా అనకపోయినా ఆయన పాలన అంతా ఆ భయం మీదే నడిచింది. 1958లో గ్వాదర్ రేవును 30 లక్షల పౌండ్లకు పాకిస్తాన్‌కు అమ్మాడు. అదే ఏడాది మస్కట్ వదిలి సలాలాలో స్థిరపడ్డాడు, మళ్ళీ రాజధాని ముఖం చూడలేదు. 1967లో చమురు ఎగుమతి మొదలైంది. చమురు డబ్బు చేతికి వచ్చాక కూడా మూడేళ్ళు ఆయన గద్దె మీద ఉన్నాడు. ఆ మూడేళ్ళలో సలాలా పిల్లలకు దక్కింది ఏమీ లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటాం కదా. పేదరికం అంటే డబ్బు లేకపోవడమేనని నమ్మేవాళ్ళు 1967 నుంచి 1970 దాకా సలాలా చరిత్రను ఒకసారి చదవాలి.

ఆ రోజుల్లో ఒక మామూలు ఇంట్లో పిల్లల పరిస్థితి ఎలా ఉండేదో చెప్పడానికి కళ్ళ జబ్బు ఒక్కటి చాలు. ట్రకోమా అంటుజబ్బు. మురికి చేతులూ, ఈగలూ, ఒకే గుడ్డతో ఇంటిల్లిపాదీ ముఖాలు తుడుచుకోవడమూ దానికి దారి. చిన్నతనంలో కళ్ళు ఎర్రబడి పుసికడతాయి, నాలుగు రోజులకు తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. అలా పదేపదే వచ్చి రెప్ప లోపలి పొర మచ్చలు కట్టి ముడుచుకుపోతుంది. అప్పుడు రెప్ప లోపలికి తిరుగుతుంది, రెప్పవెంట్రుకలు నల్లగుడ్డుకు రాసుకుంటాయి. రెప్ప ఆర్పిన ప్రతిసారీ గీత పడుతుంది. పెద్దయ్యేసరికి చూపు పోతుంది. నీళ్ళూ సబ్బూ చవకైన పూతమందూ ఉంటే రాని గుడ్డితనం అది. ఒమాన్‌లో అప్పట్లో ఈ జబ్బు ఇంటింటా ఉండేది. దేశంలో చెప్పుకోదగ్గ ఆస్పత్రి మత్రాలో అమెరికా మిషనరీలు నడిపినదే. సలాలా నుంచి అక్కడికి పోవడానికి తారురోడ్డు కూడా లేదు. 1970 ప్రాంతంలో దేశంలో పుట్టిన పిల్లల్లో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు ఐదో ఏడు నిండకుండానే చనిపోయారు.

మగవాళ్ళు పొట్ట చేతపట్టుకుని కువైట్, బహ్రెయిన్, సౌదీ వెళ్ళారు. ఊరు దాటాలంటే సుల్తాన్ అనుమతి కావాలి. అనుమతి దొరకనివాళ్ళు పడవల్లో దొంగచాటుగా దాటారు. మళ్ళీ తిరిగి రావాలంటే భయం. పిల్లలు తల్లుల దగ్గర, ముసలివాళ్ళ దగ్గర మిగిలారు. గల్ఫ్‌కు వలస అనగానే మనకు కరీంనగర్ బస్సులు గుర్తొస్తాయి. అంతకు ముందు తరంలో సలాలా పిల్లలు కూడా తండ్రి పంపే డబ్బు కోసం ఎదురుచూసినవాళ్ళే.

అలా కువైట్ వెళ్ళినవాళ్ళు అక్కడ బళ్ళు, ఆస్పత్రులు చూశారు, ఈజిప్టు నాయకుడు నాసర్ ప్రసంగాలు రేడియోలో విన్నారు. తిరుగుబాటు అక్కడి నుంచే వచ్చింది. 1965 జూన్ 9న ధోఫార్‌లో సాయుధ పోరాటం మొదలైంది. 1966 ఏప్రిల్‌లో సుల్తాన్ మీద ఆయన సొంత సిపాయిలే కాల్పులు జరిపారు. ఆయన బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత బయట కనిపించడం మానేశాడు. ఆ కోపమంతా కొండ జనం మీద చూపించాడు. సలాలా చుట్టూ ముళ్ళతీగ కంచె వేయించాడు. కొండల్లో బావులు సిమెంటుతో పూడ్పించాడు. కొండల మీదికి ఆహారం పోకుండా కట్టడి చేశాడు.

ఆ కంచె దగ్గర జరిగేది ఒకసారి చూడండి. కొండ ఆడవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని కట్టెలమోపులతో, నెయ్యితో ద్వారం దగ్గరికి వచ్చేవాళ్ళు. అవి ఊళ్ళో అమ్మితే వచ్చిన డబ్బుతో బియ్యమో పిండో కొనాలి. తిరిగి పోయేటప్పుడు సిపాయిలు మూటలు విప్పి చూసేవాళ్ళు. తిరుగుబాటుదార్లకు పోతుందేమోనని ఇంటికి సరిపడే దానికంటే పిడికెడు ఎక్కువ ఉన్నా పోనిచ్చేవాళ్ళు కారు. ఇంటికి సరిపడేది ఎంతో తేల్చేది ఆ పిల్లల తల్లి కాదు, ద్వారం దగ్గరి సిపాయి. ఊరికీ కొండకూ మధ్య తరతరాలుగా ఉన్న తేడా ఇప్పుడు ఇనుపతీగగా మారింది. అన్నిటికంటే మనసుకు కష్టం కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. సుల్తాన్ భార్య, యువరాజు ఖబూస్ తల్లి మజూన్, ఆ కొండల్లోని మాషనీ వంశం ఆడబిడ్డే. తన కొడుకు మేనమామల ఊళ్ళకే సయీద్ తిండి ఆపాడు.

ధోఫార్ కొండల పిల్లలకు బడి తెరిచిన మొదటివాళ్ళు ఆ తిరుగుబాటుదార్లే. 1968 నాటికి ఉద్యమం మార్క్సిస్టు దారి పట్టింది. వాళ్ళ చేతిలో ఉన్న ప్రాంతంలో బానిసత్వాన్ని రద్దు చేశారు, తెగల హెచ్చుతగ్గులు చెల్లవన్నారు. సరిహద్దుకు అవతల దక్షిణ యెమెన్‌లోని హౌఫ్ దగ్గర పిల్లల కోసం డేరాల్లో బడి పెట్టారు. ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకేచోట, షేక్ కొడుకూ బానిస కూతురూ ఒకే పళ్ళెంలో. లెబనాన్ యువతి హైనీ స్రూర్ కెమెరా పట్టుకుని ఆ ప్రాంతానికి వెళ్ళి తీసిన డాక్యుమెంటరీని 1974లో కాన్ చిత్రోత్సవంలో ప్రదర్శించారు. అందులో ఈ పిల్లలు కనిపిస్తారు. చదువుకుంటారు, తమ పనులు తామే చేసుకుంటారు, కవాతు చేస్తారు.

ఆ కవాతు దగ్గర నా మనసు ఒప్పుకోదు. పదేళ్ళ పిల్లకు పలక ఇచ్చిన చేతితోనే యుద్ధం కూడా నేర్పడం తప్పే. ఏ ఆశయం పేరు చెప్పినా అది తప్పే. అయినా ధోఫార్ కొండల ఆడపిల్ల మొదటిసారి తన పేరు తాను రాసుకున్నది ఆ డేరాల్లోనేనన్న నిజాన్ని చరిత్ర రాసేవాళ్ళు దాచకూడదు. ఒమాన్ పాఠ్యపుస్తకాలు చదువు అనేది 1970 జూలైలో మొదలైనట్టు చెబుతాయి. కొండ పిల్లలకు అది అంతకు కాస్త ముందు నుంచే, వేరే చేతుల్లో మొదలైంది.

1970 జూలై 23న అల్ హుస్న్ కోటలో కొడుకు ఖబూస్ తండ్రిని గద్దె దింపాడు. వెనక బ్రిటిషువాళ్ళ అండ ఉంది. జరిగిన పెనుగులాటలో సయీద్ తన తుపాకీతో తన కాలినే గాయపరచుకున్నాడు. ఆయన్ని విమానంలో బహ్రెయిన్‌కు, అక్కడి నుంచి లండన్‌కు పంపించేశారు. రెండేళ్ళకు లండన్‌లోనే చనిపోయాడు. కొత్త సుల్తాన్ బానిసత్వాన్ని రద్దు చేశాడు, ఆంక్షలు ఎత్తేశాడు, లొంగిపోయిన వాళ్ళకు క్షమాభిక్ష ప్రకటించాడు. ఆడపిల్లలకు బడి తెరిచాడు.

యుద్ధం మాత్రం ఇంకో ఐదేళ్ళు సాగింది. ఇరాన్ షా సైన్యం పంపాడు, బ్రిటిష్ ప్రత్యేక దళాలు దిగాయి. సైన్యం కొండల్లో ఒక చోటు పట్టుకోగానే ముందు బావి తవ్వేవాళ్ళు. ఆ బావి పక్కనే చిన్న ఆస్పత్రి, దుకాణం, మసీదు, బడి. సివిల్ ఎయిడ్ అనే శాఖ ఈ పని చూసేది. ఏ తెగవాళ్ళు ముందుగా తిరుగుబాటు వదిలి ప్రభుత్వం వైపు వస్తే వాళ్ళ చోటికి ముందుగా బావి వచ్చేది. దాహం తీర్చడం యుద్ధతంత్రంలో భాగమైపోయింది. రెండు పక్షాలూ జనం మనసు గెలవడానికి పోటీ పడబట్టే కొండ పిల్లవాడికి బడీ మందూ అందాయి. యుద్ధం లేకపోతే అవి ఎప్పటికి అందేవో చెప్పలేం. 1975 డిసెంబరులో యుద్ధం ముగిసిందని ప్రకటించారు. పాతిపెట్టిన మందుపాతరలు మాత్రం కొండల్లోనే మిగిలిపోయి, తర్వాతి దశాబ్దాల్లో కూడా పశువులు కాసుకునే కుటుంబాలకు ప్రమాదంగానే ఉన్నాయి. మందుపాతరల నిషేధ ఒప్పందంలో ఒమాన్ చేరింది 2014లో.

తర్వాత జరిగినదాన్ని మెచ్చుకోకుండా ఉండలేం. పదేళ్ళు తిరిగేసరికి దేశంలో బడికి వెళ్ళే పిల్లలు దాదాపు లక్షకు చేరారు. టీకాలు కొండలెక్కాయి. ట్రకోమా పూర్తిగా అదుపులోకి వచ్చింది. ఆ జబ్బు బెడదను తొలగించుకున్న మొదటి దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో ఒమాన్‌ను గుర్తించింది. ఐదేళ్ళలోపు పిల్లల మరణాలు వెయ్యికి రెండు వందల దగ్గర నుంచి పది పన్నెండుకు పడిపోయాయి. 1970 నుంచి నలభై ఏళ్ళలో మానవాభివృద్ధిలో అందరికంటే ఎక్కువ ముందుకు వచ్చిన దేశం ఏదని ఐక్యరాజ్యసమితి 135 దేశాలను పోల్చి చూసి, 2010 నివేదికలో ఒమాన్‌కు మొదటి స్థానం ఇచ్చింది. 1950ల్లో, 60ల్లో చెప్పి ఉంటే ఎవరూ నమ్మని మాట. చమురు డబ్బు ఎంత ఉందన్న దానికంటే ముఖ్యం, దాన్ని బడికీ టీకాకూ పెట్టాలని ఒకరు నిర్ణయించడం. పక్కనే అంతకంటే ఎక్కువ చమురున్న దేశాలు ఈ జాబితాలో వెనకే ఉన్నాయి.

ఇక్కడితో కథ ముగించేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ముగించలేను.

బడిలో షహ్రా పిల్లవాడూ కతీర్ పిల్లవాడూ ఒకే తెల్ల దిష్దాషా వేసుకుని పక్కపక్కన కూర్చున్నారు. ఆ బడిలో చెప్పేది అరబ్బీ. కొండ పిల్లలు ఇంట్లో మాట్లాడేది జిబ్బాలీ, అరబ్బీకి చుట్టమైనా అరబ్బీ వాళ్ళకు అర్థంకాని వేరే భాష. మన ఆదిలాబాద్ గోండు పిల్లలు, సీతంపేట సవర పిల్లలు ఒకటో తరగతిలో తెలుగు వాచకం ముందు పెట్టుకుని పడే అవస్థే వాళ్ళూ పడ్డారు. ఇప్పటికీ ఆ భాష బడిలో లేదు. పెళ్ళి మాట వచ్చేసరికి వంశం మళ్ళీ ముందుకొస్తుంది. 1997 నాటి ఒమాన్ కుటుంబ చట్టం పెళ్ళిలో వధూవరుల మధ్య సరిజోడు ఉండాలన్న నియమాన్ని గుర్తిస్తుంది. ఆ సరిజోడులో మతంతో పాటు వంశాన్నీ చూసే ఆచారం ఉంది. బానిస వంశంలో పుట్టినవాడు డాక్టరైనా, ప్రేమించిన పిల్ల తండ్రి ముందు తాత పేరు చెప్పాల్సి వస్తుంది. ఈ మాట రాస్తుంటే మన ఊళ్ళల్లో కులాంతర వివాహం చేసుకున్నందుకు ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లలు నా కళ్ళ ముందు ఉన్నారు. బడిలో కలిపి కూర్చోబెట్టినంత మాత్రాన సరిపోదని మనకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు ఎవరు?

ఇందులో ఆశ పుట్టించే సంగతి కూడా ఒకటి ఉంది. మానవశాస్త్రవేత్త ఆలిస్ విల్సన్ సలాలాలో ఉండి పాత ఉద్యమకారుల కుటుంబాలను పరిశీలించి 2023లో ఒక పుస్తకం వేశారు. ఓడిపోయి, నోరు విప్పే వీలు లేకుండా బతుకుతున్నా, ఆ కుటుంబాల్లో కొన్ని పాత సమానత్వాన్ని రోజువారీ రాకపోకల్లో నిలుపుకుంటూ వస్తున్నాయని ఆమె రాశారు. వంశం చూడకుండా ఒకరి ఇంట్లో ఒకరు కూర్చుని తినడం లాంటివి. హౌఫ్ డేరాల్లో ఒకే పళ్ళెంలో తిన్న పిల్లలు ఇప్పుడు తాతలు, నాయనమ్మలు.

2011లో అరబ్ దేశాలన్నీ అట్టుడికినప్పుడు సలాలాలో యువకులు రోడ్ల మీద బైఠాయించారు. అడిగింది ఉద్యోగాలు. ప్రభుత్వం 50 వేల ఉద్యోగాలు ప్రకటించింది, ఉద్యోగం వెతుక్కునే వాళ్ళకు నెలకు 150 రియాల్ భృతి ఇస్తామంది. 2021 మేలో మళ్ళీ అదే నినాదం వినపడింది. ఆ తర్వాత వచ్చిన సామాజిక రక్షణ చట్టం కింద 2024 జనవరి నుంచి, ఇంటి ఆదాయం ఎంతైనా సరే, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళు వచ్చేదాకా ప్రతి ఒమానీ బిడ్డకూ నెలకు 10 రియాల్ ఇస్తున్నారు. మన లెక్కలో రెండు వేల రూపాయల పైచిలుకు. కోటలో పుట్టిన బానిస బిడ్డ మునిమనవడికీ, సయ్యద్ మునిమనవడికీ ఒకే పది రియాల్. 1936 నాటి సలాలాను తలచుకుంటే ఇది చిన్న విషయం కాదు.

కానీ ఆ చట్టంలో ఒమానీ బిడ్డ అన్న మాట ఉంది. ఆ దేశ జనాభాలో పదిమందిలో నలుగురికి పైగా విదేశీయులు. సలాలా రేవులో, ఫ్రీజోన్‌లో, ఇళ్ళ కట్టుబడిలో, కొబ్బరితోటల్లో, వంటిళ్ళలో పనిచేసేది వాళ్ళే. వాళ్ళల్లో మనవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పిల్లలు ఎక్కడ?

సలాలాలో ఇండియన్ స్కూల్ ఉంది. అందులో తెలుగు పిల్లలు కూడా చదువుతారు. ఇంజినీర్ల, నర్సుల, అకౌంటెంట్ల పిల్లలు. పెళ్ళాం పిల్లల్ని తెచ్చుకోవాలంటే ఇంత జీతం ఉండాలని ఒమాన్‌లో నియమం ఉంది. చాలాకాలం అది నెలకు 600 రియాల్. 2017లో 300కు తగ్గించారు, 2023లో ఇంకా తగ్గించి 150 చేశారు. తగ్గించడం మంచిదే. అయితే కట్టుబడి కూలీకి వచ్చేది వంద రియాల్ అటూఇటూ. వీసా దొరికినా అద్దె ఇల్లు, స్కూలు ఫీజు ఎక్కడి నుంచి తెస్తాడు? అందుకే అతని పిల్లలు సిరిసిల్లలో, కామారెడ్డిలో, నిర్మల్‌లో నాయనమ్మ దగ్గరే ఉంటారు. ఏజెంటుకు కట్టిన డబ్బుకు నూటికి రెండు రూపాయలో మూడు రూపాయలో వడ్డీ నడుస్తుంటుంది. మొదటి రెండేళ్ళ జీతం ఆ వడ్డీకే సరిపోతే, పిల్లవాడి ఫీజు ఆగిపోతుంది. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండి, జీతం అందక, బయటికి వచ్చి ఖల్లివెల్లి (సరైన పత్రాలు లేకుండా దొంగచాటుగా బతికేవాడు) అయినవాడు ఇంటికి రావడానికే ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళల్లో పిల్లవాడు బడి మానేసి మేస్త్రీ వెంట పోతాడు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా కష్టం. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వెళ్ళే తల్లులు తమ పసివాళ్ళను అమ్మమ్మకు అప్పగించి, అక్కడ ఇంకొకరి పసివాళ్ళను పెంచుతారు. ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండాలని, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలని మన దేశం నియమాలు పెట్టింది. ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపేస్తున్నారు. సలాలాలో ఒక ఇంట్లో చిక్కుకున్న మనిషి మన ఎంబసీ గడప తొక్కాలంటే మస్కట్ దాకా వెయ్యి కిలోమీటర్లు పోవాలి. చేతిలో డబ్బు లేదు, పాస్‌పోర్టు లేదు, ఫోను కూడా ఇవ్వరు కొందరు. ఇక్కడ అమ్మమ్మ దగ్గర పిల్లలు ఫోను మోగుతుందేమోనని చూస్తుంటారు.

పేద ఇంటి ఆడపిల్లను డబ్బు కోసం గల్ఫ్‌కు అప్పగించిన పాపం కూడా మన గడ్డ మీద ఉంది. 2017 సెప్టెంబరులో హైదరాబాద్ పోలీసులు పాతబస్తీలో మైనరు బాలికలను పెళ్ళి పేరుతో కొనడానికి వచ్చిన ఒమాన్, ఖతార్ దేశాల మగవాళ్ళను, వాళ్ళకు సాయం చేసిన దళారులను, ఖాజీలను అరెస్టు చేశారు. కొన్నవాళ్ళను తిట్టడం తేలిక. అమ్మకానికి పెట్టేంత లేమిలో ఆ ఇంటిని వదిలేసింది మనమే.

2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది, వాళ్ళ పిల్లలకు గురుకులాల్లో సీట్లు ఇస్తామంది. మంచి అడుగు. చావు దాకా ఆగకుండా తండ్రి బతికుండగానే ఆ పిల్లలను చూసుకోవాలంటే ముందు వాళ్ళెవరో తెలియాలి. కేరళ 1998 నుంచి ఇంచుమించు అయిదేళ్ళకోసారి వలస సర్వే చేయిస్తోంది. ఎవరు ఏ దేశం వెళ్ళారో, ఇంటి దగ్గర ఎవరు మిగిలారో అక్కడి ప్రభుత్వం చేతిలో లెక్క ఉంటుంది. తెలుగు రాష్ట్రాలు రెండింటికీ అలా క్రమం తప్పకుండా జరిగే సర్వే లేదు.

మీరు జగిత్యాల జిల్లాలోనో రాయచోటి పక్కనో బడిపంతులైతే, అంగన్‌వాడీ టీచరైతే, వార్డు సభ్యులైతే ఒక పని చేయండి. అమ్మో నాన్నో గల్ఫ్‌లో ఉన్న పిల్లల పేర్లు మీ ఊరి వరకు ఒక పుస్తకంలో రాయండి. ఎవరి దగ్గర పెరుగుతున్నారో, బడికి వస్తున్నారో లేదో, ఇంటికి డబ్బు అందుతోందో లేదో పక్కన రాయండి. దాన్ని గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించి కలెక్టరుకు పంపండి. మీ ఎమ్మెల్యేను అయిదేళ్ళకోసారి వలస సర్వే కావాలని అడగండి.

(వచ్చే వారం: సూర్, పడవలు కట్టే ఊరు)